బాహ్యదహన యంత్రముల శక్తిని ముందుగా లెక్కించు విధము

(నీరు తోడుటకు యంత్రము కొనదలచిన వ్యవసాయదారుల ఉపయోగార్థము)

ఎద్దును కొనువాడు దాని పండ్లు చూచును, నడక చూచును, కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూచును. అటుపిమ్మటనే బయానా ఇచ్చును. నీరు తోడు యంత్రమునకు పండ్లు లేవు. దాని రంగును, నునుపును చూచి బలమును తెలిసికొనుట ఎవరికిని సాధ్యము కాదు. అందుచేత అమ్మువాని మాటయే ప్రమాణమని నమ్మి, అప్పు తెచ్చి యంత్రమును బావిమీద నిలిపినవాడు, వరి పొట్టమీద నున్న సమయమున నీరు చాలదని తెలిసికొనినచో, పైరును పోవును, అప్పును మిగులును.

ఇట్టి నష్టము రాకుండుటకు ఉపాయము గలదు. యంత్రము ఇంటికి రాకమునుపే అది ఎంత వంటచెరకు తిని ఎంత నీరు పోయునో కాగితముమీద లెక్క వేసి చూచుకొనవలెను. ఇట్టి లెక్కనే శాస్త్రజ్ఞులు యంత్రము యొక్క గణిత నమూనా యందురు. పేరు పెద్దదైనను, అందలి ముఖ్యభాగము కూడిక, గుణకారము, భాగహారము తెలిసినవా రెల్లరును చేసికొనదగినదే. ఆ విధమును ఈ కరపత్రమున వివరింతుము.

1. బాహ్యదహన యంత్ర మనగా నేమి

డీజిలు ఇంజనులో నూనె సిలిండరు లోపలనే మండును. బాహ్యదహన యంత్రములో మంట వెలుపల నుండును. లోపల నున్న ఆవిరిగాని గాలిగాని ఆ వేడిని గోడగుండా గ్రహించి పని చేయును. మంట వెలుపల నుండుటచేత ఇంధనము ఇట్టిదే కావలెనను నియమము లేదు. కట్టె, ఊక, వేరుసెనగ పొట్టు, పత్తికట్టె, ఏది మండినను చాలును. ఎండవేడియు పనికి వచ్చును. 1878 సంవత్సరమున విలియం ఆడమ్స్ అనువారు, బొంబాయిలో అనేక అద్దములచే సూర్యకిరణములను బాయిలరుమీదికి మరల్చి, ఆవిరి పుట్టించి పంపు నడిపిన తమ ప్రయత్నమును గూర్చి గ్రంథము ప్రకటించిరి.

ఆవిరియంత్రమునకు బాయిలరు కావలెను. బాయిలరు పగులుటచే ప్రాణహాని కలుగవచ్చును. బాయిలరు లేక గాలితోనే నడచు యంత్రమునకు స్కాట్లండు దేశపు మతాచార్యుడగు రాబర్టు స్టిర్లింగు 1816 లో పేటెంటు పొందెను. 1818 లో అట్టి యంత్రము నొకదానిని అచ్చటి ఎయిర్‌షైరు ప్రాంతమున నొక రాతిగనిలోని నీరు తోడుటకు నిలిపిరి. కావున ఈ యంత్రము మొదటినుండియు నీటిపనికే పుట్టినదని చెప్పవచ్చును. నడుపువాని అజాగ్రత్తచేత పాత్ర అడుగు మితిమీరి కాలి చెడువరకును అది పని చేసెనని ప్రతీతి.

దాని పని యిట్టిది. మూసిన పాత్రలో గాలి యుండును. పాత్ర యొక్క ఒక కొనను మంట కాల్చును, రెండవ కొనను నీరు చల్లార్చును. లోపలి గాలిని ఒకసారి వేడికొనకును, ఒకసారి చల్లనికొనకును త్రోయుచుందురు. వేడెక్కిన గాలి వ్యాకోచించి పిస్టనును బలముగా నెట్టును. చల్లారిన గాలిని తిరిగి నొక్కుటకు అంత బలము అక్కరలేదు. ఆ రెంటి భేదమే మనకు దక్కు పని. రెండు కొనల నడుమ సన్నని తీగెల దిండు నొకదానిని ఉంచుదురు. గాలి చల్లనివైపునకు పోవునప్పుడు తన వేడిని ఆ దిండులో దాచి, తిరిగి వచ్చునప్పుడు గైకొనును. ఈ దిండు లేనిచో ఇంధనము బహుళముగా వ్యర్థమగును.

2. వేడికి జమాఖర్చు

గ్రామలెక్కలో జమకు మించిన ఖర్చు చూపరాదు. యంత్రమునకును అదియే నియమము. ఇంధనములోని వేడి జమ. పొగతో పోయినది, చల్లనినీటిలో కలసినది, రాపిడిలో అరిగినది ఖర్చు. బావినుండి పైకి వచ్చిన నీరు నిల్వ. జమలో లేనిది నిల్వలోనికి రానేరదు.

వేడిని, పనిని కిలోజౌలు అను ఒక్క కొలతతోనే కొలువవచ్చును. బాగుగా ఎండిన ఊక ఒక కిలోగ్రాము మండినచో సుమారు 13,000 కిలోజౌలుల వేడి పుట్టును. నీటిపని కొలుచుటకు సులభసూత్ర మొకటి గలదు: తోడిన నీటిని లీటర్లలోను, ఎత్తును మీటర్లలోను తీసికొని, ఆ రెంటిని గుణించి 100 చే భాగించినచో వచ్చునది రమారమి కిలోజౌలుల సంఖ్య. ఉదాహరణము: 1,000 లీటర్లను 10 మీటర్లు ఎత్తుటకు 100 కిలోజౌలులు చాలును.

3. ప్రకృతి విధించిన హద్దు

ఒక కిలో ఊకలో 13,000 కిలోజౌలులున్నవి గదా, అన్నియు నీటిపనికి రాకూడదా యని అడుగవచ్చును. రావు. ఫ్రాన్సు దేశపు సాడీ కార్నో అనునాతడు 1824 లో దీనిని విచారించెను. కాలువనీరు పైమట్టమునుండి క్రిందిమట్టమునకు దూకునప్పుడే నీటిచక్రము తిరుగును. రెండుమట్టములు సమానమైనచో ఎంత నీరున్నను తిరుగదు. అట్లే వేడియు ఎక్కువ ఉష్ణోగ్రతనుండి తక్కువ ఉష్ణోగ్రతకు దిగునప్పుడే పనిగా మారగలదు. నీటిచక్రమునకును దీనికిని ఒక భేదము గలదు: చక్రము తిప్పిన నీరంతయు క్రిందికి చేరును, వేడిలోనో, కొంత పనిగా మారిపోయి, తక్కినదే చల్లనివైపు చేరును. ఆ తక్కినదానిని పూర్తిగా మానిపించుట ఎట్టి యంత్రమునకును శక్యము కాదు.

ఎంత పనిగా మారగలదో తెలుపు లెక్క యిది. వేడికొన, చల్లనికొన యొక్క సెంటీగ్రేడు డిగ్రీలకు 273 కలుపవలెను. ఇట్లు కలిపిన కొలతకు కెల్విను కొలత యని పేరు. చల్లనిదానిని వేడిదానిచే భాగించి, వచ్చిన ఫలమును ఒకటినుండి తీసివేయవలెను. వేడికొన 500 డిగ్రీలు, చల్లనికొన 35 డిగ్రీలు అనుకొందము. 500 కు 273 కలుపగా 773. 35 కు 273 కలుపగా 308. 308 ని 773 చే భాగింపగా సుమారు 0.40. ఒకటినుండి తీయగా 0.60. అనగా గాలికి అందిన వేడిలో నూటికి 60 పాళ్లకు మించి పనిగా మార్చు యంత్రము ఈ రెండు ఉష్ణోగ్రతల నడుమ లేదు, ఇకముందును ఉండబోదు.

ఇది రైతు చేతిలో గొప్ప ఆయుధము. ఒక కిలో ఊకలోని 13,000 కిలోజౌలులలో నూటికి 60 పాళ్లు 7,800. పది మీటర్ల బావిలో ఇది 78,000 లీటర్ల నీటికి సమానము. పొయ్యిలోగాని పంపులోగాని రవ్వంతయు నష్టము లేదని ఒప్పుకొన్నను ఇదియే పరమావధి. కిలో ఊకతో లక్ష లీటర్లు ఇట్టి యంత్రము తోడునని ఎవడైన చెప్పినచో, యంత్రమును చూడనక్కరయే లేదు. ఆ మాట ప్రకృతిధర్మమునకు విరుద్ధము.

4. హద్దు వేరు, నిజముగా దక్కునది వేరు

ఇక ఖర్చు పద్దులను ఒక్కొక్కటిగా వ్రాయుదము.

మొదటి పద్దు పొయ్యి. మంటలో పుట్టిన వేడిలో చాల భాగము పొగగొట్టమువెంట పోవును. సాధారణపు పొయ్యిలో సగము యంత్రమునకు చేరుననుకొందము.

రెండవ పద్దు గోడ. వెలుపలి లోహము 500 డిగ్రీలున్నను లోపలి గాలి అంత వేడెక్కదు. వేడి గోడ దాటుటకు కొంత ఉష్ణోగ్రతాభేదము సుంకముగా చెల్లింపవలసియుండును. లోపలి గాలి 450 డిగ్రీలకే వేడెక్కి, 50 డిగ్రీలకే చల్లారినచో, పైన చెప్పిన 60 పాళ్ల హద్దు 55 పాళ్లకు దిగును.

మూడవ పద్దు తీగెల దిండు. అది దాచిన వేడిని అంతయు తిరిగి ఇయ్యదు. పైగా దాని సందులగుండా గాలిని త్రోయుటకే కొంత బలము పట్టును.

నాలుగవ పద్దు, వేడికొననుండి చల్లనికొనకు పాత్రగోడలవెంటనే, పని చేయకుండ, జారిపోవు వేడి.

అయిదవ పద్దు కారుట, రాపిడి. పిస్టను సందులనుండి గాలి కారును. బేరింగులు, కడ్డీలు కొంత శక్తిని మ్రింగును.

శ్రేష్ఠముగా నిర్మింపబడిన యంత్రములు ఇన్ని నష్టములు పోను హద్దులో సగము వరకును, అంతకు పైనను రాబట్టినవి. గ్రామపు కమ్మరముచేత బాగుచేసికొనదగిన సామాన్యయంత్రమునకు మూడవ వంతు లెక్కించుట మంచిది. 60 లో మూడవ వంతు 20. అనగా యంత్రమునకు చేరిన వేడిలో నూటికి 20 పాళ్లు ఇరుసు మీదికి వచ్చును. ఆ తరువాత పంపు, గొట్టములు కలిసి సగమును తీసికొనును.

5. ఒక బావికి పూర్తి లెక్క

ఒక కిలో ఊక: 13,000 కిలోజౌలులు.
పొయ్యిలో సగము పోగా యంత్రమునకు చేరినది: 6,500.
అందులో నూటికి 20 పాళ్లు, ఇరుసు మీద దక్కినది: 1,300.
పంపులోను, గొట్టములలోను సగము పోగా నీటికి చేరినది: 650.
పది మీటర్ల ఎత్తునకు తోడదగిన నీరు: 6,500 లీటర్లు.

మొదటి జమలో నిల్వ నూటికి 5 పాళ్లు మాత్రమే. ఇది చూచి నిరుత్సాహపడనక్కరలేదు. ఊక మన కళ్లములోను, మిల్లువద్దను దొరకు పదార్థము. కాని 5 పాళ్లను 50 పాళ్లని నమ్మి పైరు వేయుటయే ప్రమాదము.

ఒక ఎకరమునకు 5 సెంటీమీటర్ల మందమున నీరు కట్టుటకు సుమారు 2,02,000 లీటర్లు కావలెను. 6,500 చే భాగింపగా 31 కిలోల ఊక. కాలువలో ఇంకిపోవు నీటిని దీనికి అదనముగా చేర్చుకొనవలెను.

6. యంత్రపు పరిమాణము

ఊక ఎంత పట్టునో తెలిసినది. కాని ఎన్ని గంటలలో నీరు పారును అను ప్రశ్న మిగిలియున్నది. దీనికి యంత్రపు పరిమాణము తెలియవలెను. పని చేసిన అనేక యంత్రములను కొలిచి చూచి, కాలిన్ వెస్టు అను శాస్త్రజ్ఞుడు ఒక సూత్రమును తెలిపెను. లోపలి గాలి యొక్క సగటు పీడనము, పిస్టను ఒక ఊపులో ఊడ్చు ఘనపరిమాణము, సెకనుకు తిరుగు చుట్లు, ఈ మూడింటిని గుణించవలెను. కెల్విను కొలతలో వేడి చల్లదనముల భేదమును వాని మొత్తముచే భాగించి, ఆ ఫలముచే మరల గుణించవలెను. తుదకు నాలుగుచే భాగించినచో శక్తి వాటులలో వచ్చును.

పది లీటర్ల ఘనపరిమాణము గలిగి, మామూలు వాతావరణ పీడనముతో, సెకనుకు 5 చుట్లు తిరుగు యంత్రమును గైకొందము. పీడనము 1,00,000 పాస్కలులు, ఘనపరిమాణము 0.01 ఘనమీటరు, మూడింటి గుణకారము 5,000. 773, 308 ల భేదము 465, మొత్తము 1,081, భాగింపగా 0.43. 5,000 ను 0.43 చే గుణించి 4 చే భాగింపగా సుమారు 540 వాటులు, అనగా ముప్పాతిక అశ్వశక్తికి కొంచెము తక్కువ. ఇది బాగుగా చేసిన యంత్రముల లెక్క. చిన్నవాటికి ఇంతకంటె తక్కువ రావచ్చును, ఎక్కువ వచ్చునని ఆశింపరాదు.

540 వాటులలో సగము నీటికి చేరినచో గంటకు 9,700 లీటర్లు పైకి వచ్చును. గంటకు ఒకటిన్నర కిలో ఊక పట్టును. ఎకరము తడియుటకు 21 గంటలు. మూడెకరముల వానికి 63 గంటలు. దినమునకు 8 గంటలు నడిపినచో 8 దినములు పట్టును. ఏడవ దినమున తిరిగి నీరు కోరు పైరునకు మొదటి మడి ఎండుచుండగా కడపటి మడి తడియుచుండును. కావున ఈ యంత్రము రెండెకరములకు సరిపోవును, మూడెకరములకు చాలదు. ఈ ఒక్క వాక్యము తెలిసికొనుటకే ఇంత లెక్కయు.

మూడెకరములకు కావలెనన్నచో పెద్ద సిలిండరు కావలెను, లేదా లోపలి గాలిని బిగించి పీడనము పెంచవలెను. పీడనము రెట్టింపైనచో శక్తియు రమారమి రెట్టింపగును. కాని పాత్ర గట్టిదై, కారుట లేకుండ ఉండవలెను. బావి ఊట గంటకు అన్ని లీటర్లు ఇచ్చునా యనియు ముందుగా చూచుకొనవలెను.

7. పండితుల లెక్కలును వాని హద్దులును

ఈ యంత్రమునకు మొదట సమగ్రముగా గణితమును కూర్చినవాడు గుస్టావ్ ష్మిట్ అను ఆచార్యుడు. 1871 లో ఆయన వ్రాసిన లెక్కలో వేడికొననున్న గాలి ఎల్లప్పుడు ఒకే వేడిమిలోను, చల్లనికొననున్నది ఎల్లప్పుడు ఒకే చల్లదనములోను ఉండునని భావించెను. దానిచేత చుట్టు చుట్టునకు పీడనము ఎట్లు మారునో తెలిసినది. కాని వేగముగా తిరుగు యంత్రములో గాలికి గోడతో వేడి మార్చుకొనుటకు వ్యవధి చాలదు. 1960 లో ఫింకెల్‌స్టయిన్ అనువారు ఈ లోపమును సవరించి, సిలిండరులలోని గాలి వేడిమి నిమిషనిమిషమును మారుచుండుననియే లెక్కించిరి. తరువాత కంప్యూటరులు వచ్చినందున యంత్రమును చిన్న చిన్న అరలుగా భాగించి, అర అరకు వేడిని, పీడనమును, రాపిడిని లెక్కించుచున్నారు.

లెక్క ఎంత సూక్ష్మమైనను, అందు చేర్చని నష్టము అందు కనబడదు. కారుచున్న పిస్టను, మసి పట్టిన గోడ, తడిసిన ఊక గణితములో తమంతట తాము ప్రవేశింపవు. కావున అమ్మువాడు అచ్చుకాగితముమీద చూపిన సంఖ్యను చూచి, అది లెక్కయా, కొలతయా యని అడుగవలెను. లెక్కయైనచో, ఏయే నష్టములను చేర్చిరో అడుగవలెను.

8. ఏ పద్దులో మిగుల్చుకొనవలెను

లెక్క యొక్క మరియొక ప్రయోజనము, ధనము ఎచ్చట వెచ్చింపవలయునో తెలుపుట. వేడికొనను 500 నుండి 600 డిగ్రీలకు పెంచినచో హద్దు 60 నుండి 65 పాళ్ల వరకు పెరుగును; అనగా ఇప్పుడు వచ్చు నీటిలో నూటికి 8 పాళ్లు మాత్రమే అధికము. దానికై లోహము త్వరగా కాలి చెడును. స్కాట్లండులో డండీ నగరపు కర్మాగారమున 1843 లో నిలిపిన పెద్ద గాలియంత్రము, వేడిపాత్రలు పదేపదే చెడుటచేతనే కొన్ని సంవత్సరములలో తొలగింపబడెను.

చల్లనికొనకు నీరు పెట్టక 60 డిగ్రీలకు వేడెక్కనిచ్చినచో నూటికి 5 పాళ్లకు పైగా నీరు తగ్గును. తోడిన నీటినే మొదట యంత్రపు చుట్టు త్రిప్పి కాలువలోనికి వదలినచో ఈ నష్టము ఖర్చు లేకుండ తీరును.

పొయ్యిని బాగుచేసి సగమునకు బదులు నూటికి 60 పాళ్ల వేడిని యంత్రమునకు చేర్చినచో నీరు నూటికి 20 పాళ్లు పెరుగును. ఇంధనము ఎండియుండుట ఇంకను ముఖ్యము. నూటికి 30 పాళ్లు తడి గల ఊక కిలోకు సుమారు 10,000 కిలోజౌలులే ఇచ్చును. నాలుగవ వంతు నష్టము. కావున ఊకమీద కప్పు వేయుట, పొయ్యి చుట్టు మట్టిగోడ మందముగా పెట్టుట, వారమువారము మసి దులుపుట, ఇవి ఖరీదుగల లోహముకంటె ఎక్కువ ఫలమిచ్చును.

9. కొనుటకు ముందు చేయదగిన పరీక్ష

(అ) యంత్రము బాగుగా వేడెక్కిన పిమ్మట ఒక గంటకు తక్కువ కాకుండ నడిపించవలెను. మొదటి పది నిమిషముల వేగమును నమ్మరాదు.

(ఆ) గంటలో వేసిన ఇంధనమును తూచవలెను.

(ఇ) 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకనులలో నిండునో మూడు నాలుగు మారులు చూడవలెను. పైన చెప్పిన యంత్రమునకు సుమారు 74 సెకనులు పట్టవలెను.

(ఈ) ఎత్తును బావి గట్టునుండి కాక, తోడుచున్నప్పటి నీటిమట్టమునుండి గొట్టపు మూతివరకు కొలువవలెను. తోడినకొలది మట్టము దిగును.

(ఉ) నీరు, ఎత్తు గుణించి 100 చే భాగించి, వచ్చిన కిలోజౌలులను ఇంధనపు కిలోజౌలులతో పోల్చవలెను. నూటికి 5 పాళ్లకు సమీపముగా నున్నచో యంత్రము మంచిదే. 2 పాళ్లకు దిగినచో పొయ్యిలోనో, కారుటలోనో లోపమున్నది. 15 పాళ్లకు పైగా కనబడినచో తూనికనో కొలతనో మరల చూడవలెను.

(ఊ) కరెంటు తీగ బావివరకు వచ్చినచోట, లేదా సూర్యరశ్మి పలకల పంపు అందుబాటులో నున్నచోట, ఆ ఖర్చును ఈ ఖర్చుతో పోల్చకుండ నిర్ణయింపరాదు. ఊక, పొట్టు ఊరకే దొరకి, తీగ రానిచోటనే ఈ యంత్రమునకు ఎక్కువ యోగ్యత గలదు.

మూసిన పాకలో ఊకపొయ్యి మండించుట ప్రాణాపాయము. పొగ, విషవాయువు వెలుపలికి పోవుటకు మార్గము ఉండితీరవలెను. గాలిని బిగించి నడుపు యంత్రమును తెలిసినవారి చేతనే విప్పింపవలెను.

సంగ్రహముగా చెప్పదగిన దేమనగా: జమ ఇంధనములో నున్నది, హద్దు రెండు ఉష్ణోగ్రతలలో నున్నది, నష్టము ప్రతి కీలులోను ఉన్నది, నిజము డ్రమ్ములో నిండిన నీటిలో నున్నది. ఈ నాలుగింటిని ఒకే కాగితముమీద వ్రాసి చూచినవానికి యంత్రపు బేరములో మోసపోవలసిన పని యుండదు. చదువురాని ఇరుగుపొరుగు వారికి ఈ లెక్కను చదివి వినిపింపవలసినదిగా కోరుచున్నాము.